నాలుగో పొర

ఆ ఆదివారం ఉదయం ఆమోసు వేసుకున్న పథకం చాలా చిన్నది. టేప్ రికార్డరును దుప్పట్లో చుట్టి సైకిల్ వెనక కట్టుకోవాలి. క్లబ్బు హాలుకు చేర్చాలి. సాయంత్రం నాలుగింటికి మీట నొక్కి, ఓ మూల కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చోవాలి. అంతే. మూడేళ్ళ పని ఇంట్లో పూర్తిచేసుకునే వస్తున్నాడు కాబట్టి ఇవాళ ఎవరూ ఏమీ చెయ్యనక్కరలేదు, వింటే చాలు. మనుషుల చేత ఏ పనైనా చేయించవచ్చు గానీ వినడం మాత్రం చేయించలేమని అతనికి అప్పటికింకా తెలియదు.

అది డెబ్బై నాలుగు డిసెంబరు. గోదావరిఖనిలో మంచు, పవర్‌హౌస్ పొగ, ఇళ్ళ ముందు బొగ్గు పొయ్యిల పొగ మూడూ కలిసిపోయి, కంపెనీ క్వార్టర్లు వరుస వెనక వరుసగా కరిగిపోతున్నాయి. ఆ తెల్లదనంలోంచి బిందె నల్లాకు తగిలిన చప్పుడు, ఎవరిదో సైకిల్ గంట, దూరంగా బొగ్గు బండి కూత వచ్చి పోతున్నాయి. ఆమోసు వేపపుల్ల నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోకమంతా ఎవరో తక్కువ గొంతుతో పెట్టిన టేపులా ఉందనిపించింది. అలా నిలబడితే అతనికి కాలం తెలియదు.

"ఏందయ్యా, మల్ల గట్లనే నిలవడ్డవ్? చాయ సల్లగైతాంది," అంది లోపలి నుంచి భార్య సుగుణమణి.

ఆమోసు బాయి మీద ఎలక్ట్రీషియన్. ఖనిలో బొగ్గుగనిని బాయి అనే అంటారు. భూమి లోపల పంపు మోటారు కాలినప్పుడల్లా దిగి బాగుచేసి రావడం అతని డ్యూటీ. నాలుగేళ్ళ కిందట ఓ వానాకాలం మధ్యాహ్నం, సుగుణమణికి పెళ్ళిలో వాళ్ళన్న పెట్టిన రేడియోలో ముల్లు తిప్పుతుంటే ఏదో పరాయి దేశపు స్టేషను తగిలింది. అందులో వీణ లేదు, తబలా లేదు, మనిషి గొంతు లేదు. ఉత్త కరెంటు పాడుతోంది. ఆమోసు నోరు తెరుచుకుని విన్నాడు. మర్నాడు ఆ పాట ఎక్కడ పుడుతోందో చూద్దామని రేడియో విప్పాడు. ఆ విప్పడం విప్పడం, అది మళ్ళీ రేడియో కాలేదు.

దాని వాల్వులు, కాలిన మోటార్ల రాగితీగ, ఒక చెక్కపెట్టె, పదకొండు మీటలు కలిసి వాయిద్యమైంది. వంటగదికి ఆనుకున్న బియ్యం బస్తాల గది స్టూడియో అయింది. గోడలకు గోనెసంచులు కొట్టాడు. మిషన్ బంగళా దొరలు వెళ్ళిపోతూ చర్చికి వదిలిపోయిన స్పూలు టేప్ రికార్డరును పాస్టరుగారిని బతిమాలి తెచ్చుకున్నాడు. మూడేళ్ళు కూర్చుని ఒక రికార్డు తయారు చేశాడు. పేరు 'నాలుగు పొరలు'. భూమిలో బొగ్గు పొరలు పొరలుగా ఉన్నట్టే అందులోనూ నాలుగు భాగాలు. మొదటి పొరలో నీటి చుక్కలు. రెండో పొరలో దుంగల కిర్రుకిర్రులు. మూడో పొరలో గని కప్పును కర్రతో తట్టిన చప్పుడు. ఒక్కటీ నిజమైంది కాదు, అన్నీ పెట్టెలో పుట్టించినవే. నాలుగో పొరలో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది సుగుణమణి కోసం చేసింది.

తంటా అంతా అక్కడే ఉంది. ఈ నాలుగేళ్ళలో ఆమె అతని చప్పుళ్ళలో ఒక్కటి కూడా చివరిదాకా వినలేదు. సగంలో పాలు పొంగేవి, లేకపోతే నల్లా వచ్చేది, లేకపోతే నల్లా దగ్గర కొట్లాట వచ్చేది. ఊరు ఊరంతా మెచ్చుకున్నా సుగుణమణి వినకపోతే ఈ రికార్డు విడుదలైనట్టు కాదని ఆమోసు మనసులో గట్టిగా అనుకున్నాడు.

"ఇయ్యాల ఒక్కనాడు ఆఖరిదాక కూసుంటవా?" అని అడిగాడు చల్లారిన చాయ తాగుతూ.

"నా రేడియో పాడుతదా?"

"నీ రేడియోనే పాడుతది. గా పెట్టెల ఉన్నదంత గదే కదా."

"చేసింది నాశనం, చెప్పేది ముచ్చట," అంది సుగుణమణి. "వస్త తియ్యి. కని అరగంటనే. బియ్యం నానవెట్టి వస్తున్న."

"గంట పడ్తది సుగుణా. ఆఖరుదే నువ్వు వినాలె."

"సూద్దాం."

క్లబ్బు హాలు కార్మికులు చందాలు వేసుకుని కట్టుకున్నది. కట్టించింది క్లబ్బు కార్యదర్శి, ఆఫీసు గుమాస్తా లింగమూర్తి. ఆమోసు హాలుకు చేరేసరికి ఆయన పైకప్పు మీద ఇద్దరు మనుషులను ఎక్కించి రెండు పెద్ద మైకు గొట్టాలు కట్టిస్తున్నాడు. ఒకటి హాలు కిటికీ మీదుగా కిందికి, ఇంకోటి క్వార్టర్ల వైపు.

"లింగమూర్తి సార్, ఇవెందుకు? టేపుకు దాని గొంతు దానికున్నది. మెల్లగ వింటెనే బాగుంటది," అన్నాడు ఆమోసు.

"మెల్లగ వినెటందుకు ఇదేమన్న చాడీలా? మన క్లబ్బుల కార్యక్రమమంటె గోదారి అవుతలికి వినవడాలె."

"చప్పుడు నెత్తి మీదికెల్లి వస్తె ఎట్ల సార్?"

"నువ్వు చర్చికి పోయేటోనివి, నీకు నేను చెప్పాల్నా? వాక్కు పైకెల్లే గదా వచ్చేది!"

ఆమోసు దుప్పటి విప్పి టేప్ రికార్డరును బల్ల మీద పెట్టాడు. టేప్ రికార్డరులో మైకు వైరు గుచ్చగానే దాని సొంత గొంతు మూగబోయింది. ఇక పలికేదంతా కప్పు మీదినుంచే.

నాలుగింటికి హాలు నిండింది. లింగమూర్తి కరపత్రాల్లో 'విద్యుత్ సంగీతం' అని అచ్చు వేయిస్తే, జనం దాన్ని 'కరెంటు పాట' చేసుకున్నారు. దగ్గర కూర్చుంటే షాక్ కొడుతుందేమోనని చాలామంది రబ్బరు చెప్పులు గుమ్మం దగ్గర విడవకుండా కాళ్ళకే ఉంచుకున్నారు. బాయిలో సర్దారుగా ఉన్న సదయ్య భార్య మల్లక్క అయితే కాళ్ళు కూడా కుర్చీ మీదికి ముడుచుకుంది. సుగుణమణి తలుపు పక్కన, తొందరగా లేచి వెళ్ళడానికి వీలుగా కూర్చుంది.

లింగమూర్తి అరగంట మాట్లాడాడు. అందులో ఆమోసు గురించి మూడు ముక్కలు, మిగతాదంతా హాలు గురించి. "ఈ కప్పు నేను దగ్గరుండి పోయించిన. నూరేండ్లు పెచ్చు గూడ ఊడది," అని ముగించి, ముందు వరుసలో నడిమి కుర్చీలో కూర్చున్నాడు. ఆమోసు మీట నొక్కాడు.

మొదటి పొర దిగింది. టప్... చాలాసేపటికి ఇంకో టప్. చీకట్లో ఎక్కడో నీరు రాతిమీద పడుతున్నట్టుంది, వింటూంటే ఒళ్ళు చల్లబడుతోంది. ఆమోసు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి ఉంటే, జనం ఒక్కొక్కరే నెత్తి తడుముకుని కప్పు వైపు చూడటం కనిపించేది.

రెండో పొరలో దుంగలు మొదలయ్యాయి. కిర్ర్... కిర్ర్... గనిలో కప్పుకు ఆసరాగా నిలబెట్టే కట్టె దుంగలు బరువెక్కినప్పుడు చేసే మూలుగు అది. ఇనుమైతే చెప్పకుండా వంగిపోతుంది, కట్టె ముందుగా చెబుతుంది అని నమ్మకం. ఆ దుంగలు నిలబెట్టే పనివాడు గట్టయ్య మూడో వరుసలో ఉన్నాడు. చుట్ట నోట్లోంచి తీసి, పక్కనున్న సదయ్య మోకాలు తట్టాడు.

"అన్నా, కట్టె పలుకుతాంది."

"ఇంటున్న," అన్నాడు సదయ్య.

ఈ సదయ్య సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్ళ సర్వీసు. షిఫ్టు మొదలవగానే సర్దారు కర్ర పట్టుకుని కప్పు తట్టి చూస్తాడు. ఖంగుమంటే కప్పు గట్టి. బొద్దుమంటే డొల్ల, ఏ క్షణాన్నయినా పడుతుంది. సర్దారు చెయ్యి ఎత్తాడంటే ఎందుకని ఎవరూ అడగరు. పనిముట్లు ఎక్కడివక్కడ వదిలి, పరిగెత్తకుండా, అరవకుండా బయటికి నడుస్తారు. ఆయన దారికి అడ్డంగా రెండు కర్రలు కత్తెరలా కడతాడు. మళ్ళీ ఆయనే తట్టి చూసి ఆ కర్రలు తీసేదాకా మేనేజరైనా లోపలికి పోకూడదు. సదయ్య చెవి తప్పిందన్న మాట ముప్పై ఏళ్ళలో ఒక్కరి నోటా రాలేదు.

మూడో పొర వచ్చింది. మొదట ఖంగ్, ఖంగ్. ఆ తర్వాత, ఆమోసు ఆరునెలలు నిద్ర మానుకుని సాధించిన ఆ చప్పుడు: బొద్ద్. సరిగ్గా నెత్తి మీదినుంచి.

సదయ్య లేచి చెయ్యి ఎత్తాడు.

ఆమోసు కళ్ళు తెరిచేసరికి హాలు ఖాళీ అయిపోతోంది. వందమంది, ఒక్క కుర్చీ చప్పుడు కాకుండా, ప్రార్థన ముగిసినట్టు వరుసగా బయటికి నడుస్తున్నారు. నచ్చక పోతున్నారనుకున్నాడు. కనీసం ఎవరైనా తిట్టినా బాగుండేది. అంతలో గట్టయ్య వచ్చి అతని రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. సదయ్య గుమ్మానికి రెండు వెదురు కర్రలు కత్తెరలా కట్టేశాడు. టేపు లోపల, ఆమోసు బయట.

"సదన్నా, అది కప్పు గాదే! నా పాట!"

"పాట గాదు తమ్మీ, కప్పే. ముప్పై ఏండ్ల సంది వింటున్న."

"పెట్టెల చేసిన్నే దాన్ని!"

"పెట్టె బల్ల మీదున్నది. చప్పుడు నెత్తి మీదున్నది. ఏందిది, నాకు చెవులు లెవ్వా?"

"మైకు గొట్టాలు పైన కట్టిండ్రే!"

"గంత బరువు పైన కడ్తె డొల్లగాక ఏమైతది?" అన్నాడు సదయ్య. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడితో వాదించవచ్చు. నాలుగు కాళ్ళూ లెక్కపెట్టి, నాలుగూ మనకే అడ్డం పెట్టేవాడితో ఎలా? ఆమోసుకు ఇంకో సంగతి కూడా మింగుడు పడలేదు. ఇంతకంటే గొప్ప మెచ్చుకోలు ఏ కళాకారుడికీ దక్కదు, కానీ దాన్ని ఒప్పుకోవడానికి సదయ్య సిద్ధంగా లేడు.

మూడో పొర పొడవు ఇరవై అయిదు నిమిషాలు. దాని మీద మోజుకొద్దీ అంత సాగదీశాడు. రెండో మైకు గొట్టం క్వార్టర్ల వైపు తిరిగి ఉంది కాబట్టి, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర ఇంకా తీరని ఇళ్ళ మీద కూడా అదే చప్పుడు వాలింది. బొద్ద్. ఇంటికో బాయి మనిషి ఉన్నాడాయె. అందరూ లేచి తమ తమ కప్పుల వైపు చూశారు.

మల్లక్క వరుసల వెంట చెప్పుకుంటూ పోయింది. మొదటి వరుసలో ఆమె చెప్పింది హాలు కప్పు డొల్లయిందని. రెండో వరుసకు చేరేసరికి క్వార్టర్ల కప్పులన్నీ డొల్లయ్యాయి. మూడో వరుసకల్లా బాయి తవ్వుకుంటూ తవ్వుకుంటూ కాలనీ కిందికే వచ్చేసింది. నాలుగో వరుసలో ఒక ముసలమ్మ, గోదావరి బాయిలోకి దిగిందని మల్లక్కకే ఎదురు చెబితే, మల్లక్క హడలిపోయి తన మేకలు విప్పడానికి పరిగెత్తింది.

పది నిమిషాల్లో మైదానం నిండిపోయింది. నులకమంచాలు, మేకలు, కుట్టుమిషను, పెళ్ళిఫొటోలు, ఒకాయన చేతిలో ఆడుతున్న గోడగడియారం. గట్టయ్య దుంగలు తెస్తానని పోయి, ఎడ్లబండి నిండా వేయించుకొచ్చి హాలు ముందు దింపాడు. కబురు అంది మేనేజరు జీపులో దిగాడు. ఆయన కోస్తా మనిషి, కోపం ముందు, మాట వెనక.

"ఏంటయ్యా ఈ సంత?" అని గుమ్మం దాకా వెళ్ళి, కత్తెర కర్రలు చూసి, అక్కడే ఆగిపోయాడు. పైనుంచి బొద్ద్‌మంది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "డొల్లే," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ నాలుగు వరసలూ ఇవాళే ఖాళీ చేయించాలి. లారీలకి ఫోన్ చెయ్యండి."

లారీలనేసరికి ఆమోసు ముందుకొచ్చాడు.

"సార్, కప్పుకు ఏం గాలే. అది నేను చేసిన రికార్డు. ఇంకో రెండు నిమిషాలకు ఈ మూడోది అయిపోయి నాలుగోది వస్తది. అది వచ్చిందంటె కప్పు గాదు, నేనే. అందరిని ఒక్క గడియ సప్పుడు చెయ్యకుండ ఉండుమనుండ్రి సార్."

"నాలుగోది వస్తే రేపు నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"ఎర్కే సార్."

మేనేజరు చెయ్యి ఎత్తాడు. మైదానమంతా నిశ్శబ్దమైంది. మేకల మూతులు కూడా మూశారు. ఆమోసు సుగుణమణి కోసం వెతికాడు. ఆమె లేదు. అరగంటని చెప్పింది, అరగంట ఎప్పుడో దాటిపోయింది. ఉద్యోగం పోయినా పోనీ గానీ, ఆమె వినకుండా నాలుగో పొర గాల్లో కలిసిపోతుందన్నదే అతని దిగులు. అప్పుడు కనిపించింది, చిట్టచివరి వరుస నుంచి వస్తూ. ఒక చంకలో నానిన బియ్యం గిన్నె. ఇంకో చంకలో, కప్పు కూలుతోందని ఇంట్లో దేన్ని కాపాడుకోవాలా అని చూసి తెచ్చుకున్న వస్తువు: లోపలేమీ లేని ఆ రేడియో డొక్కు.

మూడో పొర ఆగింది. కొంతసేపు ఏమీ వినిపించలేదు. పొద్దు పవర్‌హౌస్ పొగగొట్టం వెనక్కి దిగుతోంది, పొగమంచు మంచాల కోళ్ళ చుట్టూ చేరుతోంది. తర్వాత ఎక్కడో లోతునుంచి ఒక కూనిరాగం లేచింది. ఒక ఆడమనిషిది. నెమ్మదిగా, నీళ్ళలోంచి వస్తున్నట్టు, ఒకటి పదై, పది వందై, వందమంది ఆడవాళ్ళు చాలా దూరంలో ఏదో పని చేసుకుంటూ తమలో తాము పాడుకుంటున్నట్టు పరుచుకుంది. మంచాల మీద కూర్చున్నవాళ్ళు నెమ్మదిగా వెనక్కి వాలారు. నైట్ షిఫ్టు వాళ్ళు కళ్ళు మూసుకున్నారు. గోడగడియారం పట్టుకున్నాయన దాన్ని పిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకున్నాడు. మేనేజరు జీపు బానెట్ మీద కూర్చుండిపోయాడు.

సుగుణమణి ఆమోసు పక్కకు వచ్చి నిలబడింది. "గిది... బియ్యం చెరిగేటప్పుడు నేను తీసే రాగం గదా?" అంది.

"ఊఁ."

"ఎట్ల పట్టినవ్?"

"గోనెసంచుల ఎనుకకెల్లి."

ఆమె బియ్యం గిన్నె కింద పెట్టింది. అక్కడినుంచి కదల్లేదు. మసక చీకట్లో ఆ రాగం పలచబడి, పలచబడి, పోయిందో ఉందో తెలియకుండా పోయింది. టేపు కొస ఊడి టప్‌టప్‌మని కొట్టుకుంటూ ఆగేదాకా ఎవ్వరూ లేవలేదు. ఆమోసు లెక్కలో విడుదలంటే ఇదే.

అప్పుడు మొదట మేనేజరుకు మెలకువ వచ్చింది. "అంటే అంతా వీడి పనే! రేపు పదింటికి ఆఫీసుకు రా, కాగితం చేతిలో పెడతాను!" అన్నాడు. ఆ వెనక మైదానమంతా నవ్వు లేచింది. ఆమోసును చూసి కాదు, సదయ్యను చూసి. "పాటకు భయపడ్డ సర్దారు" అన్నారెవరో. సదయ్య తల దించుకుని కత్తెర కర్రలు విప్పడానికి వెళ్ళాడు. ఆమోసుకు తన ఉద్యోగం కంటే ఆ దించిన తలే ఎక్కువ బాధ పెట్టింది.

విప్పబోయి సదయ్య ఆగాడు. నవ్వినా ఏడ్చినా, తట్టి చూడకుండా కర్రలు తీయడం ఆయన చేతికి రాదు. గుమ్మంలోంచే ఒక పొడుగాటి వెదురు చాపి కప్పును ఒక్కటి తట్టాడు.

బొద్ద్.

"టేపు ఆపుండ్రయ్యా!" అని నవ్వారు జనం.

"టేపు అయిపోయింది," అన్నాడు ఆమోసు, మొహం పాలిపోయి.

సదయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. నులకమంచమంత పెచ్చు ఊడి, ముందు వరుసలో నడిమి కుర్చీ మీద పడింది. కుర్చీ నాలుగు ముక్కలైంది. లేచిన సున్నం దుమ్ములో లింగమూర్తి తన కుర్చీని, నూరేళ్ళ కప్పును మార్చి మార్చి చూసి, మల్లక్క మంచం మీద కూలబడ్డాడు. గట్టయ్య ఎవరూ చెప్పకముందే దుంగలు లోపలికి మోయించాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు. ఆ గంధర్వుడు వాల్వుల పెట్టెలో ఉన్నాడంటే ఎవరూ నమ్మలేదు, అందరూ వెళ్ళి సదయ్య చెవులకు దండం పెట్టారు.

మర్నాడు పదింటికి మేనేజరు ఆమోసుకు కాగితం ఇవ్వలేదు. కొత్తగా వచ్చే సర్దార్లకు డొల్ల చప్పుడు ఎలా ఉంటుందో నేర్పడానికి మూడో పొర పనికొస్తుంది, టేపు తెచ్చివ్వమన్నాడు. మిగతా మూడూ అక్కర్లేదన్నాడు.

ఆమోసు ఇంటికి వచ్చేసరికి రేడియో డొక్కు మళ్ళీ దాని గూట్లోకి చేరింది. సుగుణమణి బియ్యం బస్తాల గదిలో గోనెసంచులకు ఆనుకుని కూర్చుని ఉంది.

"గా ఆఖరుదే మల్లొక్కసారి పెట్టు," అంది. "పాలు పొయ్యి మీద పెట్టలే."

క్లబ్బు రిజిస్టరులో ఆ ఆదివారం పేజీలో సదయ్య తన చేత్తో రాసిన వాక్యాలు ఇప్పటికీ ఉన్నాయి: "సాయంత్రం నాలుగూ యాభైకి కప్పు డొల్ల పలికినది. అందరినీ బయటికి పంపితిని. ఎవరికీ దెబ్బలు తగలలేదు." 'నాలుగు పొరలు' మీద ఈ లోకంలో అచ్చంగా వెలువడిన సమీక్ష అదొక్కటే.